బానెట్ మీద తీర్థపు మచ్చలు

గురువారం పొద్దున్న ఎనిమిది కాకముందే సుగత గారి నల్ల కారు వచ్చి సుకర్ని షెడ్డు ముందు ఆగింది. ఆయన దిగకుండానే హారన్ మీద అరచెయ్యి పెట్టి రెండు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత మోగించాడు. సింగరాజా ఊళ్ళో గమెలాన్ అనే కంచు మేళం వాయించే వాళ్ళలో సగం మందికి మద్దెల నేర్పిన మనిషి. హారన్ కొట్టినా అందులో దరువు ఉంటుంది.

సుకర్ని నీళ్ళ గొట్టం కట్టేసి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"శనివారానికి అద్దంలా కావాలమ్మాయ్," అన్నాడు ఆయన కిటికీలోంచే. "ఇందులో చూసుకుని మీసం దువ్వుకోవాలి నేను."

"మీకు మీసం ఎక్కడిది గురువుగారూ?"

"పెంచుతాను. ముందు నువ్వు అద్దం తయారు చెయ్యి."

ఎల్లుండి శనివారం తుంపెక్ లందెప్. ఏడు నెలలకోసారి ఇనుముకీ యంత్రాలకీ పూజ జరిగే రోజు. వీధిలో ఉన్న ప్రతి బండీ కడిగించుకుని, ముందు కొబ్బరాకు తోరణం కట్టించుకుని, గుడి ముందు వరసలో నిలబడుతుంది. మద్దెల గురువు కాబట్టి వరసలో మొదటి చోటు సుగత గారిదే. పోయినసారి ఆయన కారు అక్కడ నిలబడినప్పుడు, వెనక మోటారు సైకిళ్ళ మీద కూర్చున్న కుర్రాళ్ళెవరో "గురువుగారి బండికి అమ్మవారు పోసిందిరోయ్" అన్నారట. నలుగురూ నవ్వారట. ఆ నవ్వు ఆయన చెవుల్లోంచి ఈ ఏడు నెలల్లో పోలేదు.

సుకర్ని బానెట్ దగ్గరికి వెళ్ళి, నడుం వంచి, ఎండ ఏటవాలుగా పడే వైపు నుంచి చూసింది. కుర్రాళ్ళు అన్నదాంట్లో అబద్ధం లేదు. బఠాణీ గింజంతవి, చిన్న నాణెమంతవి, తెల్లటి వలయాలు బానెట్ నిండా ఉన్నాయి. నడిమధ్యన మరీ దట్టంగా ఉన్నాయి. వలయాల మధ్య ఖాళీల్లో సాలెగూడులాగా సన్నటి గీతలు.

"ఏడేళ్ళ కింద మెర్త చేశాడే, గుర్తుందా?" సుగత గారు కారు దిగాడు. "వాటర్ పేపర్‌తో అరగదీశాడు, మెరుగు మిషన్ పట్టాడు. పెళ్ళికూతురిలా వచ్చింది బండి. అదే చెయ్యి. నీ వల్ల కాదంటే మొహమాటపడకు. నాలుగు రోడ్ల దగ్గర సుదన, సాయంత్రానికల్లా చేసిస్తానన్నాడు."

ఆ చివరి మాట ఆయన మెల్లిగానే అన్నాడు. అయినా దాని బరువు ఇద్దరికీ తెలుసు. సుకర్ని భర్త మెర్త నవంబరులో పోయాడు. పాతికేళ్ళు ఈ షెడ్డులో మిషన్ ఆయన చేతిలోనే ఉండేది. కడగడం, తుడవడం, లోపల సీట్లు శుభ్రం చేయడం ఆమె పని. ఆయన పోయాక పాత ఖాతాదారులు నలుగురు రావడం మానేశారు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. వీధిలో కనబడితే పలకరించారు, పిల్లల గురించి అడిగారు. వాళ్ళ బళ్ళు మాత్రం నాలుగు రోడ్ల దగ్గర కనిపించేవి. మెర్త చెయ్యి లేకపోతే ఆ షెడ్డులో ఏముంది, ఒట్టి నీళ్ళ గొట్టం తప్ప, అనుకున్నారు. ఇప్పుడు మొట్టమొదటి ఖాతాదారు సుగత గారు కూడా అటు తిరిగితే, ఆయన వెనక మేళం బృందం మొత్తం తిరుగుతుంది. అప్పుడు షెడ్డు మూసుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

"కాఫీ తాగండి గురువుగారూ. ఈలోగా నేను బండితో మాట్లాడతాను," అంది సుకర్ని.

షెడ్డు పక్కన బల్ల మీద అప్పటికే ఆమె బావగారు పుగెర్ కూర్చుని ఉన్నాడు. మెర్తకి అన్న, ఆ వీధి గుడికి పూజారి. అందరూ ఆయన్ని మంగ్కు అంటారు. తెల్ల తలగుడ్డ కట్టుకుని, రోజూ ఈ వేళకి ఇక్కడికొచ్చి ఒక గ్లాసు నల్ల కాఫీ, రెండు అరటికాయ బజ్జీలు ముగించి గుడికి వెళ్తాడు. తమ్ముడు ఉన్నప్పుడూ అంతే, లేనప్పుడూ అంతే.

"రండి రండి, మద్దెల మామా. మీసాల మాట ఇక్కడిదాకా వినబడింది," అన్నాడు పుగెర్ పక్కకి జరుగుతూ.

సుకర్ని కెటిల్‌లో నీళ్ళు పెట్టింది. మరగక ముందే, ఆవిరి బాగా వచ్చే వేళకి దించింది. కారు ఎడమ తలుపు దగ్గరికి ఇద్దర్నీ పిలిచింది. తలుపు మీద కూడా సాలెగూడు గీతలు ఉన్నాయి. వాటి మీద ఫ్లాష్‌లైట్ వేసి చూపించింది.

"కనిపిస్తున్నాయా?"

"నా కళ్ళకి ఇంకా అంత అన్యాయం జరగలేదు," అన్నాడు సుగత గారు.

ఆమె కెటిల్ వంచి, వేడి నీళ్ళు తలుపు మీద సన్నటి ధారగా, పైనుంచి కిందికి, తొందర లేకుండా పోసింది. ఒకసారి పోసి ఆగింది. మళ్ళీ పోసింది. మెత్తటి గుడ్డతో అద్దింది, రుద్దలేదు. తర్వాత లైటు అక్కడే వేసింది.

గీతలు లేవు. నల్లటి రంగు నిండు నీళ్ళ కుండలా నిశ్చలంగా ఉంది.

సుగత గారు తలుపుకి ముక్కు తగిలేంత దగ్గరికి వంగాడు. "ఎక్కడికి పోయాయవి?"

"మూసుకుపోయాయి. ఈ బండి పైపూత మామూలుది కాదు. ఫ్యాక్టరీలోనే వేసి పంపారు. చిన్న గీత పడితే వేడికి మెత్తబడి తనే సర్దుకుంటుంది. మీరు ఎప్పుడూ మామిడి చెట్టు నీడలో పెడతారు కాబట్టి దానికి ఆ అవకాశం రాలేదు."

"అమ్మినవాడు చెప్పాడు సుమా, గీతలు వాటంతటవే మానతాయని. సరుకు అమ్ముకునేవాడి కోతలు అనుకున్నాను." ఆయన పుగెర్ వైపు తిరిగాడు. "పదేళ్ళు! పదేళ్ళు ఈ బండిలో కూర్చుని ఊళ్ళు తిరిగాను. దీనికీ విద్య తెలుసని నాకు తెలియదు."

"మీ శిష్యులు కూడా మీ గురించి అదే అంటారు," అన్నాడు పుగెర్.

మిగిలిన వేడి నీళ్ళు ఆమె బానెట్ మీద ఒక మూల పోసింది. గీతలు పోయాయి, తలుపు మీద కంటే కాస్త ఆలస్యంగా. తెల్లటి వలయాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అదిగో, ఇవి మానవు. వీటికి మెర్త పద్ధతే కావాలి," అన్నాడు సుగత గారు.

సుకర్ని లోపలికి వెళ్ళి, పూత మందం కొలిచే చిన్న యంత్రం తెచ్చింది. సబ్బు బిళ్ళంత ఉంటుంది, లోహానికి ఆనిస్తే అంకె చూపిస్తుంది. పైకప్పు మీద పెట్టింది. నూట ఇరవై. తలుపు మీద పెట్టింది. నూట పద్దెనిమిది. డిక్కీ మీద నూట ఇరవై ఒకటి. ఆఖరికి బానెట్ నడిమధ్యన పెట్టి, ఆ అంకె సుగత గారికి కనబడేలా తిప్పింది.

తొంభై ఏడు.

"ఇదేమిటి, ఇక్కడ తక్కువ?"

"అన్ని పూతలూ కలిపి నూట ఇరవై మైక్రాన్లు. అందులో పైన ఉండే ఈ గీతలు మానే పూత నలభై. ఇక్కడ అందులో సగానికి పైగా లేదు. ఇప్పుడు మళ్ళీ మిషన్ పెడితే మిగిలింది కూడా పోతుంది. సాయంత్రానికి మెరుస్తుంది, నిజమే. ఏడాది తిరక్కుండా పెచ్చులు లేస్తుంది. ఈ పూత మళ్ళీ వేయించుకోవడానికి ఈ ఊళ్ళోనే కాదు, అంత పెద్ద డెన్‌పసార్‌లో కూడా దొరకదు."

సుగత గారు వేలితో బానెట్ మీద చిన్నగా తాళం వేశాడు. ఆలోచించేటప్పుడు ఆయనకి అది అలవాటు.

"అంటే ఫ్యాక్టరీలోనే బానెట్‌కి పలచగా వేశారన్నమాట. దొంగ వెధవలు," అన్నాడు.

పుగెర్ తల ఊపాడు. "అంతే అయుంటుంది. ఎక్కడో దూరాన కూర్చుని చేసేవాళ్ళు, ఎవరు చూడొచ్చారు!"

సుకర్ని చేతిలో యంత్రం అలాగే ఉంది. అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. అక్కడ ఉన్న ముగ్గురిలో ఎవరి మనసూ నొచ్చుకోదు. ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి అడగరు. మెర్త ఇంకా ఊరి చివర శ్మశానంలో మట్టి కింద ఉన్నాడు. అలా ముందు పాతిపెట్టినవాళ్ళకి ఊరంతా కలిసి చేసే దహనాలు ఆగస్టులో. ఆ వరసలో ఇంకా ముప్ఫై మంది దాకా ఉన్నారు. అందరితోపాటు ఆయన్నీ సాగనంపేదాకా ఆయన గురించి మంచి మాటలే మాట్లాడాలని ఆమె అనుకుంది, ఎవరూ చెప్పకపోయినా.

కానీ ఫ్యాక్టరీ తప్పని నమ్మితే సుగత గారు రేపో మాపో పైకప్పు మీద, తలుపుల మీద మిషన్ పెట్టించడానికి వెనకాడడు. అక్కడ మందంగానే ఉంది కదా అనుకుంటాడు. పలచబడ్డది ఎందువల్లో తెలియకపోతే మిగిలింది కాపాడుకోవాలని ఎవరికి తోస్తుంది?

"ఫ్యాక్టరీ వాళ్ళు సమానంగానే వేశారు," అంది. "పలచబడింది ఈ షెడ్డులోనే. ఏడేళ్ళ కింద మా ఆయన వాటర్ పేపర్ పట్టినప్పుడు. ఇది మామూలు పూత కాదు, మెత్తటిది, పేపర్ కింద తొందరగా పోతుంది. ఆయనకి ఆ సంగతి తెలియలేదు. మెరుపు వచ్చింది గాని, దాని కోసం సగం పూత ఇచ్చుకున్నాం."

రోడ్డు మీద ఒక పళ్ళ బండి కూత పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

పుగెర్ బల్ల దగ్గరికి వెళ్ళి చేతిలోని బజ్జీ పళ్ళెంలో పెట్టేశాడు. సగం తాగిన కాఫీ వదిలి, లేచి, తలగుడ్డ సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుడి వైపు నడిచాడు.

ఆయన వెళ్ళినంత దూరం చూసి సుగత గారు అడిగాడు, "ఏడేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చేసినాయనకి ఆ రోజే చెప్పాను. మీకు చెప్పాల్సిన పని ఇవాళ పడింది."

ఆయన కాసేపు ఆమెని ఎగాదిగా చూశాడు. కోపమో కాదో తెలియకుండా ఉంది ఆ చూపు. "సరే. మిషన్ లేదు, పేపర్ లేదు. ఇంక నువ్వేం చేస్తావు?"

"పది మచ్చల్లో తొమ్మిది తీసేస్తాను. అవి పూత పైన పేరుకున్న సున్నం. పదోది పూతని తినేసిన మచ్చ, అది ఉంటుంది. నిలబడి చూస్తే అద్దమే. వంగి వెతికితే కనిపిస్తాయి."

"కుర్రాళ్ళు వంగి వెతుకుతారు."

"వెతికేంత దగ్గరికి రానిస్తారా మీరు? చేతిలో మద్దెల కర్ర ఉండగా?"

ఆయన పెదవి ఒక పక్కకి వంగింది. తాళాలు బల్ల మీద పెట్టాడు. "రేపు సాయంత్రం నాలుగింటికి వస్తాను. నచ్చకపోతే ఇక్కణ్ణుంచి నేరుగా సుదన దగ్గరికే. ముందే చెప్తున్నాను."

"మంచిది గురువుగారూ."

"అవునూ, సున్నం అన్నావు. నా బండి మీదకి సున్నం ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను కడిగేది వాననీళ్ళతో."

"అది అడగాల్సిన వాళ్ళని అడిగి చెప్తాను," అంది సుకర్ని.

ఆయన వెళ్ళాక ఆమె కారుని నీడలోకి తెచ్చి, బానెట్ చల్లబడేదాకా ఆగింది. వేడిగా ఉన్న రేకు మీద పులుపు పడితే మంచికి బదులు చెడు జరుగుతుంది. ఒక గిన్నెలో వెనిగర్ పోసి, దానికి రెండింతలు నీళ్ళు కలిపి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. పులుపు సరిపోయింది. బానెట్ అంచున, ఎడమ వైపర్ కింద, కనబడని చోట ముందు చిన్న మచ్చ మీద చూసింది. పలచటి కాగితపు తువ్వాలు తడిపి పరిచి, గోడ గడియారం చూసి రెండు నిమిషాలు లెక్కపెట్టింది. కాగితం తీసి నీళ్ళు పోసింది. మచ్చ ఉన్నచోట మచ్చ లేదు.

అక్కణ్ణుంచి ఇక చెయ్యి ఆగలేదు. చాపంత మేర కాగితం పరవడం, రెండు నిమిషాలు, తీయడం, కడగడం, అద్దడం. మొండి మచ్చలకి రెండోసారి, మూడోసారి. ఎక్కడా రుద్దలేదు. మెర్త అయితే ఈపాటికి రుద్ది ఉండేవాడు అనుకుంది. ఆయన చేతులకి నెమ్మది తెలియదు. ఏ పనైనా భుజంతో చేసేవాడు, ప్రేమ కూడా. ఆ తలపు వచ్చినప్పుడు ఆమె ఒక కాగితం ఎక్కువసేపు ఉంచేసింది. గడియారం చూసి చప్పున తీసేసింది.

సాయంత్రం ఇంటి వాకిట్లో ఆమె శనివారానికి కొబ్బరాకు పళ్ళేలు అల్లుతుంటే పుగెర్ వచ్చాడు. రెండిళ్ళకీ వాకిలి ఒకటే. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఒక ఆకు తీసుకుని తనూ చీల్చడం మొదలుపెట్టాడు.

"ఇంకా మట్టిలో ఉన్నాడమ్మా వాడు. నిప్పుకి కూడా చేరలేదు," అన్నాడు చివరికి. "పరాయివాడి ముందు అంత మాట అవసరమా?"

"గురువుగారు పరాయివాడేం కాదు బావగారూ. మీ తమ్ముడికైతే ఆ రోజే చెప్పాను. ఆయన నవ్వుకుంటూ నమ్మి వెళ్ళిపోతే నాకు ఇంకా బాధగా ఉండేది."

"ఫ్యాక్టరీ అంటే పోయేది."

"పోయేది. ఆ తర్వాత మిగతా బండి కూడా పోయేది. ఆగస్టు దాకా నేను ఆగగలను. ఆ బానెట్ ఆగదు."

ఆయన ఆకు చీలుస్తూనే ఉన్నాడు. వంకరగా చీలింది. పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాడు.

"ఇంకొకటి కూడా ఉంది. అది మీకే చెప్పాలని అక్కడ ఆగాను," అంది సుకర్ని. అల్లడం ఆపలేదు. "పలచబడింది మా ఆయన వల్ల. మచ్చలు మాత్రం మీ తీర్థానివి."

"ఏమిటీ?"

"మన గుడి తీర్థం కొండ కింద ఊట నుంచి తెస్తారు. అది సున్నపు నీళ్ళు. మా ఇంట్లో కెటిల్ అడుగున కూడా తెల్లగా కడుతుంది, మీకూ తెలుసు. తుంపెక్ రోజున మీరు బండి మీద చల్లుతారు. తీర్థం తుడవకూడదు, దానంతట అది ఆరాలి అంటారు. ఎవరూ తుడవరు. పదకొండు గంటల ఎండలో, నల్ల రేకు మీద, అది ఆరిపోతుంది. నీళ్ళు పోతాయి, సున్నం ఉంటుంది. గురువుగారి బండి వరసలో మొదటిది కాబట్టి మీరు నిండు చేత్తో చల్లుతారు. మచ్చలన్నీ నడిమధ్యనే, నైవేద్యం పెట్టే చోటు చుట్టూ ఉన్నాయి. నేను ఇవాళంతా చేతులతో చూశాను."

పుగెర్ చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఏళ్ళుగా తీర్థం చల్లుతున్న మనిషి. "నన్ను కూడా కడిగేశావన్నమాట ఇవాళ."

"మిమ్మల్ని కడగడానికి వెనిగర్ సరిపోదు బావగారూ."

ఆయన నవ్వలేదు. లేచి వెళ్ళిపోతూ, చీల్చిన ఆకులు మాత్రం ఆమె వైపు జరిపి వెళ్ళాడు.

శుక్రవారం ఆకాశం తేటగా ఉంది. సుకర్ని పొద్దున్నే బండి మొత్తం నురగతో కడిగి, మూడు కెటిళ్ళు మార్చి మార్చి వేడి నీళ్ళు పోసింది. ఆ తర్వాత చుక్క మిగలకుండా అద్ది, కారుని బయట ఎండలోకి తీసి, రెండు గంటలు వదిలేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏమిటక్కా, కడిగిన బండిని అప్పడాల్లా ఎండబెట్టావు?" అని అడిగారు. "దాని పని అది చేసుకుంటోంది. నేను విశ్రాంతి తీసుకుంటున్నాను," అంది ఆమె. మధ్యాహ్నం మళ్ళీ నీడకి తెచ్చి, రాపిడి లేని మైనం పలచగా రాసి, మెత్తటి గుడ్డతో తీసేసింది.

నాలుగింటికి సుగత గారు వచ్చాడు. హారన్ లేదు కాబట్టి చప్పట్లతో దరువు వేశాడు. షెడ్డులోకి అడుగు పెట్టగానే చేతులు ఆగిపోయాయి. బానెట్ మీద షెడ్డు పైకప్పు రేకులు, వాటి సందులోంచి ఆకాశం, వంగి చూస్తున్న ఆయన ముసలి మొహం, అన్నీ ఒక్క వణుకు లేకుండా ఉన్నాయి.

ఆయన వెంటనే పొంగిపోలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, బానెట్ చుట్టూ అంగుళం అంగుళం వంగి చూశాడు. మధ్య మధ్య వేలు మడిచాడు.

"పదకొండు గుంటలు," అన్నాడు నిటారుగా నిలబడి, పరీక్ష పెట్టినవాడిలా.

"పన్నెండు. ఒకటి వైపర్ కింద ఉంది. మీ వైపుది."

ఆయన వంగి వైపర్ ఎత్తి చూశాడు. ఉంది. అప్పుడు నవ్వాడు, పళ్ళన్నీ కనబడేలా.

"సుదన అయితే ఒక్కటీ లేదని చెప్పేవాడు."

"ఒక్కటీ ఉండేది కాదు. పూత కూడా ఉండేది కాదు."

"ఫోన్ ఇయ్యి, వాడికి రావట్లేదని చెప్పాలి." తన జేబులోనే ఫోన్ ఉందని గుర్తొచ్చి తీశాడు. నొక్కబోయి ఆగాడు. "మా బృందం వాళ్ళవి ఇంకో మూడు బళ్ళున్నాయి. రేపటికి కాదులే, వచ్చే వారం. వాటికీ ఈ విద్య ఉందేమో చూడు."

"తెమ్మనండి. ఉందో లేదో ముందు కొలిచి చెప్తాను. లేనివాటికి మిషన్ నేనే పడతాను, నాకు వచ్చు."

"నీకు వచ్చా?"

"పాతికేళ్ళు పక్కన నిలబడి చూశాను గురువుగారూ. మీ శిష్యులు మూడేళ్ళకే మద్దెల పట్టుకుని ఊళ్ళ మీద పడట్లేదా?"

తాళాలు ఇస్తూ ఆమె ఇంకో మాట అంది. "రేపు తీర్థం చల్లాక, ఆరకముందే అద్దేయండి. లేకపోతే వచ్చే తుంపెక్‌కి మళ్ళీ మొదటికొస్తాం. మళ్ళీ మళ్ళీ పులుపు పెట్టడానికి అక్కడ అంత పూత లేదు."

సుగత గారి మొహంలో నవ్వు తగ్గింది. "తీర్థం తుడవడమా! మంగ్కు ఊరుకుంటాడా? అందరి ముందూ, మొదటి బండి!"

"అది నేను చెప్పేది కాదు. ఆయన్నే అడగండి."

"నిన్న కాఫీ సగంలో వదిలి వెళ్ళిన మనిషిని నేనడగాలా? నా వల్ల కాదు తల్లీ." ఆయన కారు ఎక్కి, ఈసారి ఒక్కటే పొట్టి హారన్ కొట్టి వెళ్ళాడు.

శనివారం పది గంటలకి గుడి ముందు వరస ఇటు చివర నుంచి అటు చివరకి నిండిపోయింది. లారీలు, స్కూటర్లు, ఒక వడ్రంగి రంపాల పెట్టె, పక్క వీధి దర్జీ ఆవిడ తెచ్చిన కుట్టు మిషన్. అన్నిటికంటే ముందు నల్ల కారు. సుగత గారు తెల్ల చొక్కా, బంగారు అంచు తలగుడ్డ కట్టుకుని దాని పక్కన నిలబడ్డాడు. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు బానెట్ వైపు చూసి, ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని, ఏమీ దొరక్క ఊరుకున్నారు.

సుకర్ని ఆడవాళ్ళ మధ్యన నిలబడింది. చేతిలో నైవేద్యాల బుట్ట ఉంది. బావగారు పొద్దున్న కాఫీకి రాలేదు. నిన్నా రాలేదు. ఇవాళ మచ్చలు మళ్ళీ పడితే, ఆ నల్ల కారు వచ్చేసారి ఎక్కడికి వెళ్తుందో ఆమెకి తెలుసు. తను చేసిన పని ఒక్క గంట ఎండకి పోతుందని కూడా తెలుసు. అయినా ఆమె మొహం నిబ్బరంగానే ఉంది. చెప్పాల్సింది చెప్పింది. ఇక వినాల్సినవాళ్ళు వినాలి.

పుగెర్ గంట వాయించి, మంత్రాలు చదివి, పూలతో తీర్థం ముంచి బానెట్ మీద చల్లాడు. నిండు చేత్తోనే చల్లాడు. మెరిసే నల్లటి రేకు మీద చుక్కలు గుండ్రంగా నిలబడ్డాయి. ఎండ వాటి మీద పడింది. వీధి అంతా ఎప్పట్లాగే పక్క బండి వైపు జరగబోయింది.

ఆయన జరగలేదు. గంట ఇంకో మూడుసార్లు వాయించాడు. భుజం మీది తెల్ల కండువా తీసి, రెండు మడతలు వేసి, బానెట్ మీద తీర్థం ఒక్కో చుక్కా అద్దడం మొదలుపెట్టాడు. రుద్దలేదు, అద్దాడు.

"అయ్యో, అదేమిటి మంగ్కూ!" దర్జీ ఆవిడ ముక్కున వేలేసుకుంది. "తుడవకూడదని ఇన్నాళ్ళూ నువ్వే చెప్పావుగా!"

"చెప్పాను," అన్నాడు పుగెర్, వెనక్కి తిరక్కుండా. అందరికీ వినబడేలాగే అన్నాడు. "ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను. గంట మోగేసరికే దేవుడు అందుకుంటాడు. తర్వాత మిగిలేది నీళ్ళు. ఎవరి బండి వాళ్ళు అద్దుకోండి. ఎలా అద్దాలో తెలియకపోతే మా మరదల్ని అడగండి."

వరసలో కలకలం లేచింది. తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, ఒకతని తలగుడ్డ కూడా బయటికొచ్చాయి. "అక్కా, పైనుంచి కిందకా, కింద నుంచి పైకా?" అని ఎవరో అరిచారు. సుకర్ని బుట్ట పక్కావిడకి ఇచ్చి వరసలోకి వెళ్ళింది. ఒక స్కూటరు దగ్గర చెయ్యి పట్టుకుని చూపించింది, ఒక లారీవాడిని గట్టిగా రుద్దుతున్నందుకు కసిరింది.

అంతా అయ్యాక, నైవేద్యం అరటిపళ్ళు పంచుతుంటే, పుగెర్ ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. తడి కండువా మెడ చుట్టూ ఉంది.

"ఆ రోజు వాడికే చెప్పానన్నావు," అన్నాడు, వరస వైపే చూస్తూ.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"వారం రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కూడా తనే వడ్డించుకున్నాడు. ఎనిమిదో రోజు ఒక నల్ల బండి వచ్చింది. మిషన్ తీసి, నా వైపు చూసి, పక్కన పెట్టేశాడు. 'నువ్వు కొలువు ముందు' అన్నాడు."

పుగెర్ అరటిపండు సగం వొలిచి ఆగాడు. భుజాలు కదిలాయి. ఏడుపేమో అని ఆమె కంగారుపడింది. కాదు, నవ్వు.

"వారం! నాతో అయితే నెల. చిన్నప్పుడు గాలిపటం చింపానని నెల మాట్లాడలేదు వాడు," అన్నాడు. పండు ఆమెకిచ్చాడు. "ఆగస్టులో అందరి ముందూ వాడి గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. ఇది చెప్తాను. నువ్వు కొలువు ముందు అన్నాడని."

సుకర్ని పండు తీసుకుంది. తల ఊపింది. వరసలో ఎవరో మళ్ళీ "అక్కా" అని పిలిచారు. పండు నోట్లో ఉండగానే ఆమె అటు నడిచింది.